కుంచం బియ్యం

ముందే చెప్పేస్తున్నాను, నాకు కొంగలంటే ఇష్టం లేదు.
ఏరువాక నాటికి దిగుతాయి
మా పెరటి చింత మీద.
ఆ రోజు నుంచి దండెం మీది నీలం చీర నీలంగా ఉండదు,
వడియాలు పెట్టుకోడానికి ఆకాశం మాది కాదు.
కుళ్లిన నత్తల కంపు అన్నంలోకి దిగుతుంది.
రాత్రంతా పైన
ముక్కుకి ముక్కు కొట్టి కట కట కట,
ఎవరో ఉబ్బిన తలుపు మూయలేక మూస్తున్నట్టు.

ఆ ముక్కైనా సరిగా మూతపడదు.
నడిమధ్యన సందు.
ఆ సందులోంచి చూస్తే
బాహుదా అవతలి ఒడిశా కొండ కనబడుతుందని
మా వీధి గుంటలు పందెం కాస్తారు.

ఒక యేడు సోంపేట నుంచి ఢిల్లేశు వచ్చాడు.
చెట్టు చుట్టూ తిరిగాడు, మొదలు తట్టాడు,
రెండు చేతులా కావలించుకుని కొలిచాడు.
"చేవుందప్పా" అని రేటు చెప్పాడు.
మంచినీళ్లకని లోపలికెళ్లి వచ్చేసరికి
గుమ్మం ముందు సగం ఊరు.
ఎవరూ ఏమీ అనరు.
అదే కష్టం.
తిట్టుంటే అమ్మేద్దును.

బైరాగి తాతే గొంతు సవరించుకున్నాడు.
"పిట్ట కూకున్న కొమ్మకి పూతుండదు,
నీకు చింతపండు పోనాది.
పిట్టలు ఊరందరివీ అయితే
నట్టం నీ ఒక్కదానిదీ ఎలగవుద్ది?"

ఆ యేటి కోతల నుంచి ఇంటికో కుంచం బియ్యం.
రామమందిరం అరుగు మీద కుప్పపోసి
తొమ్మిది చెట్లకి తొమ్మిది వాటాలు.
గూళ్లు లెక్కపెట్టి మరీ పంచుతారు.
మాది నలభై మూడు గూళ్ల చెట్టు.

దండాసి ఒక్కడే ఇవ్వలేదు.
"నా ఆకుమడి తొక్కేసినప్పుడు
ఎవుడిచ్చాడర్రా నాకు కుంచం?"
అబద్ధం కాదు. ఎవరూ ఇవ్వలేదు.
నత్తమందు తెచ్చి చల్లుకున్నాడు.
మూడోనాడు తానే వచ్చాడు,
తువ్వాలులో రెండు కొంగలు మోసుకుని.
అరుగు మీద పెట్టి
తువ్వాలు తీసుకోకుండా వెళ్లిపోయాడు.

గాలివాన వస్తుందని రేడియో అన్న సాయంత్రం
డొంకూరు రేవు నుంచి దానయ్య, అతని పెళ్లాం పోలమ్మ
ఆటో నిండా పాత వలలు తెచ్చారు.
చెట్టుకీ చెట్టుకీ మధ్య లాగి కట్టాం.
"సేపకేసిన ముడి పిట్టకీ ఆగుద్దా?" అంటే
పోలమ్మ నవ్వింది.
"మనిసికే ఆగింది, ఒక తుపాన్లో."
ఇంక అడగలేదు.

ఆ రాత్రి గురించి చెప్పను.
తెల్లారి వలలో పద్దెనిమిది పిల్లలు,
తడిసిన గుడ్డపేలికల్లా.
నేలమీదవి బైరాగి తాత లెక్కపెట్టాడు,
అంకె మాత్రం ఎవరికీ చెప్పలేదు.

పద్దెనిమిదిలో ఐదు మా వంటింట్లో,
ధాన్యం గంపలో.
ముక్కు తెరిచి నా వైపే చూస్తాయి.
బియ్యం వేస్తే ఉమ్మేశాయి.
పప్పు వేస్తే తొక్కాయి.
నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

మధ్యాహ్నం గుమ్మం దగ్గర దండాసి.
మోకాళ్ల దాకా బురద,
చేతిలో వాళ్లమ్మ నాటి ఇత్తడి కుంచం.
దాని నిండా,
తలకొట్టకుండా, గుమ్మటంగా,
ప్రాణమున్న నత్తలు.

"నా కుంచం ఇదిగో" అన్నాడు.
"మందు కొట్టడం ఒగ్గేశాను. మస్తుగున్నాయి."

రోజుకో కుంచం, ఇరవై రెండు రోజులు.
మూడు ఎగిరాయి.

మార్గశిరంలో చెట్టు ఖాళీ.
ఒక్కటీ వెనక్కి చూడలేదు,
చూస్తుందని ఎవరన్నారు?
పెరడు కడిగాను. సున్నం జల్లాను.
నిద్ర మాత్రం
నాలుగు రోజులు పట్టలేదు, కటకట లేక.

నాకిప్పటికీ కొంగలంటే ఇష్టం లేదు.
నా వాటా మాత్రం వదలను,
గూడు ఒకటి తక్కువ లెక్కేస్తే గొడవాడతాను.

ఈ యేడు దండాసి కూడా బియ్యమే పంపాడు.
ఆ కుంచంతోనే కొలిచాడు.
చింతపండు పెట్టి, బూడిద పెట్టి
ఎంత తోమినా వాసన పోలేదట.
వండితే అన్నం
కొంచెం మడినీళ్ల వాసన వేసింది.

తిన్నాను.